బళ్లారిలో దిగిన టపా విమానం – రంగు పెన్సిళ్లలో మన పాత బండ్లు



పాత రైళ్లను, పాత విమానాలను, పాత కార్లను రంగు పెన్సిళ్లతో గీయడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఇదేదో పిల్లల సెలవుల ముచ్చట అనుకొని రేడియో కట్టేయకండి. ఒక బండిని సరిగ్గా గీయాలంటే అది ఎప్పుడు వచ్చిందో, దేనికోసం వచ్చిందో, ఆ ఆకారం దానికి ఎందుకు పట్టిందో తెలుసుకోక తప్పదు. అలా అడుగుతూ పోతే బొమ్మ పూర్తయ్యేసరికి మన బళ్లారి సీమ చరిత్రలో ఒక పేజీ చదివినట్టే అవుతుంది. చరిత్ర అంటే రాయలవారి కాలం, హంపి రాళ్లు మాత్రమే అనుకుంటాం. మన తాతలు ఎక్కిన బండి, మన నాన్నలు టిక్కెట్టు కొన్న స్టేషను కూడా చరిత్రే. హంపిని చూసుకోవడానికి ప్రభుత్వ శాఖలున్నాయి. ఈ బండ్లను గుర్తుపెట్టుకోవలసింది మనమే.

ముందుగా విమానం. మన ఊరికీ విమానానికీ ఏం సంబంధం అని మీకు అనిపించవచ్చు. 1932 అక్టోబరు 15, శనివారం. ఆ ఉదయం కరాచీలోని డ్రిగ్ రోడ్డు మైదానం నుంచి ఒక చిన్న విమానం లేచింది. నడిపినవాడు 28 ఏళ్ల జె.ఆర్.డి. టాటా. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి విమానంలో కరాచీ వరకు వచ్చిన ఉత్తరాల సంచి అందులో ఉంది. అహ్మదాబాదులో దిగి పెట్రోలు పోయించుకున్నారు. ఆ పెట్రోలు డబ్బాలు మైదానానికి వచ్చింది ఎద్దులబండి మీద! మధ్యాహ్నానికి బొంబాయి జుహూ మైదానం చేరారు. అక్కడి నుంచి మిగిలిన దారి ఆయన సహచరుడు నెవిల్ వింట్‌సెంట్‌ది. బ్రిటిష్ వాయుసేనలో పనిచేసిన అనుభవజ్ఞుడు, ఈ టపా విమానాల ఆలోచనను టాటాల ముందు పెట్టినవాడు. ఆయన బొంబాయిలో ఉత్తరాలు అందుకొని మద్రాసు వైపు బయలుదేరాడు. ఆ దారిలో ఆయన దిగిన ఊరు ఏది? మన బళ్లారి. ఆ రాత్రి ఇక్కడ ఆగి, మరునాడు 16వ తేదీన మద్రాసు చేరాడు.

భారతదేశంలో టాటాల విమాన సర్వీసు ఆనాడే పుట్టింది. 1946లో దానికి ఎయిర్ ఇండియా అన్న పేరు వచ్చింది. అంటే ఎయిర్ ఇండియా పుట్టిన రోజున, దాని తొలి ప్రయాణపు పటంలో కరాచీ, అహ్మదాబాదు, బొంబాయి, బళ్లారి, మద్రాసు అని ఐదే ఊళ్ల పేర్లున్నాయి. అందులో ఒకటి మనది. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

బళ్లారిలో ఎందుకు దిగారు అంటే, పటం తీసి చూడండి. బొంబాయికీ మద్రాసుకూ మధ్య గీత గీస్తే బళ్లారి సగం దారిలో, ఆ గీతకు దగ్గరగా పడుతుంది. ఆ విమానం పెట్రోలు లేకుండా మద్రాసు దాకా పోలేదు. రాత్రిపూట దారి చూపే దీపాలు లేవు, కింది నుంచి మాట్లాడే రేడియో లేదు. ఆ కాలపు పైలట్లకు చేతిలో పటం, ముందు దిక్సూచి, కింద కనబడే నదులు, కొండలు, రైలుపట్టాలు ఇవే ఆధారం. బళ్లారి కోటగుట్ట లాంటి పెద్ద ఏకశిల మైదానం మధ్య కనిపిస్తే పైనుంచి ఊరు పట్టడం కష్టం కాదు.

ఇప్పుడు ఆ విమానాన్ని కాగితం మీదికి తెద్దాం. దాని పేరు పస్ మాత్. ఇంగ్లండులో డి హావిలాండ్ కంపెనీ తయారీ. మాత్ అంటే దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు. ఆ కంపెనీ యజమానికి ఆ పురుగులంటే ఇష్టం కనుక తన చిన్న విమానాలకు వాటి పేర్లు పెట్టాడు. పొడవు 25 అడుగులు, రెక్కల ఈ కొన నుంచి ఆ కొనకు సుమారు 37 అడుగులు. అంటే పొడవులో మన ఊరి బస్సు కంటే చిన్నది. ఒకటే ఇంజను, 120 గుర్రాల శక్తి. గంటకు నూరు మైళ్లకు కొంచెం పైగా పోయేది. బొమ్మలో ముందు గమనించవలసింది రెక్క. రెక్క కూర్చునే గది మీద, తలపైన ఉంటుంది. కింది నుంచి రెండు బద్దలు ఏటవాలుగా పోయి రెక్కను మోస్తాయి. ముందు రెండు చక్రాలు, వెనక తోక కింద చిన్న ఊత. తోక నేలకు ఆనుకొని, ముక్కు ఆకాశం వైపు ఎత్తి ఉంటుంది. ఈనాటి విమానాలు చూసి పెరిగిన పిల్లలు దాన్ని నేలకు సమంగా గీస్తారు. అలా గీస్తే అది 1932 విమానం కాకుండా పోతుంది.

ఇంకొక విషయం. దాని ఒంటి లోపల ఉక్కు గొట్టాల చట్రం, రెక్కల్లో కర్ర పక్కటెముకలు, పైన బిగించి పూత పూసిన గుడ్డ. గుడ్డ కనుక లోహంలా తళతళ మెరవదు. పెన్సిలును నొక్కకుండా, ఒకే వైపు మెత్తగా పోనిస్తూ రంగు వేయండి. రెక్క మీద ఎముకలున్న చోట సన్నగా కొంచెం ముదురు గీత పెట్టండి. అప్పుడు చూసేవాడికి అది గుడ్డ అని తెలుస్తుంది. ఇంత పల్చని యంత్రంలో ఒక మనిషి పడమటి కనుమల మీదుగా వచ్చి మన నేల మీద దిగాడని కూడా అర్థమవుతుంది.

మొదటి సంవత్సరంలోనే ఈ సర్వీసు 1,60,000 మైళ్లు తిరిగింది. 155 మంది ప్రయాణికులను మోసింది. 60,000 రూపాయల లాభం వచ్చింది. తర్వాత మద్రాసు మార్గం హైదరాబాదు మీదుగా మారింది, బళ్లారి పేరు ఆ పటం నుంచి జారిపోయింది. వింట్‌సెంట్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1942లో విమాన ప్రయాణంలోనే మరణించాడు. టాటాగారు మాత్రం 1982లో, యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, 78 ఏళ్ల వయసులో కరాచీ నుంచి బొంబాయికి మళ్లీ ఒక చిన్న పాత విమానం నడుపుకుంటూ వచ్చారు. ఆ విమానం పేరు లెపర్డ్ మాత్, పస్ మాత్‌కు తమ్ముడి వరస. మన జిల్లాకు మళ్లీ ప్రయాణికుల విమాన సర్వీసు అన్నది 2017లో, ఉడాన్ పథకం కింద, తోరణగల్లు దగ్గరి విద్యానగర్ విమానాశ్రయానికి వచ్చింది.

ఇక రైలు. మద్రాసు నుంచి బయలుదేరిన మద్రాసు రైల్వే కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా 1871లో రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. గుంతకల్లు నుంచి బళ్లారికి ఒక శాఖ వచ్చింది. అది మొదట బ్రాడ్‌గేజి. తర్వాత హుబ్బళ్లి, గదగ, హొసపేటె వైపు నుంచి సదరన్ మరాఠా రైల్వే వారి మీటరుగేజి రావడంతో 1880లలో అదీ మీటరుగేజిగా మారింది. 1908లో ఆ రెండు కంపెనీలు కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయ్యాయి. మన పెద్దలు ఎం.ఎస్.ఎం. అని పిలిచింది దాన్నే. 1951లో అది దక్షిణ రైల్వేలో కలిసిపోయింది.

గేజి తేడా బొమ్మలో చాలా ముఖ్యం. మీటరుగేజిలో పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజిలో 1,676. స్థూలంగా మూడుకు ఐదు. మీటరుగేజి ఇంజనును ఎదురుగా గీసేటప్పుడు ఒళ్లు పట్టాల కంటే బాగా పక్కలకు పొంగి వచ్చినట్టు ఉండాలి. ఇరుకు పీట మీద లావుపాటి మనిషి కూర్చున్నట్టు. బ్రాడ్‌గేజి ఇంజను కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉంటుంది.

తర్వాత చక్రాలు లెక్కపెట్టండి. మీటరుగేజిలో ప్యాసింజరు బండ్లకు పేరు మోసిన ఇంజను వై.పి. దానికి ఒక పక్క నుంచి చూస్తే ముందు రెండు చిన్న చక్రాలు, మధ్యలో మూడు పెద్ద చక్రాలు, వెనక ఒకటి. గూడ్సుకు వై.జి. ముందు ఒకటి, మధ్యలో నాలుగు, వెనక ఒకటి. బ్రాడ్‌గేజిలో డబ్ల్యు.పి. అన్న ఇంజనుకు ముక్కు తూటా మొనలాగా ముందుకు ఉబికి ఉండేది. 1947 నుంచి 1967 వరకు అలాంటివి 755 తయారయ్యాయి. దాని పెద్ద చక్రం ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, అంటే నిలబడ్డ మనిషంత. వై.పి. చక్రం నాలుగున్నర అడుగులు, అంటే మనిషి ఛాతీ దాకా. పక్కన ఒక ఫైర్‌మన్‌ను నిలబెట్టి గీస్తే కొలత దానంతట అదే తెలిసిపోతుంది.

రంగు సంగతి. ఇంజను నలుపే కదా అని నల్ల పెన్సిలు తీసుకొని రుద్దేస్తారు. బొగ్గు కుప్పలాంటి బొమ్మ వస్తుంది. నల్లటి ఇనుము నిజానికి ఆకాశాన్ని, నేలను, పక్కనున్న ఎర్ర పెట్టెలను అద్దంలా పట్టుకుంటుంది. ముందు ముదురు నీలం, దాని మీద ముదురు గోధుమ, ఆ మీదట నలుపు వేయండి. వెలుగు పడే చోట కాగితం తెల్లగానే వదిలేయండి. రంగు పెన్సిళ్లలో తెలుపు అంటే కాగితమే అని గుర్తుంచుకోండి. ఒకసారి కప్పేస్తే తిరిగి తీసుకురావడం కష్టం. మన నేల మీద నడిచిన ఇంజను కనుక చక్రాల దగ్గర, పట్టాల పక్కన కొంచెం ఎర్ర ధూళి వేయండి. హొసపేటె, సండూరు వైపు ఇనుప ఖనిజపు దుమ్ము పడని బండి ఉంటుందా? పెట్టెలు గీసేటప్పుడు కాలం చూసుకోండి. 1990ల వరకు మామూలు బండ్ల పెట్టెలు ఇటుక ఎరుపు. నీలం పెట్టెలు ఆ తర్వాతి మాట. ఆవిరి ఇంజను వెనక నీలం పెట్టెలు పెడితే గుంతకల్లు షెడ్డులో పనిచేసి రిటైరైన ఏ తాతగారైనా నవ్వుతారు. బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజను చివరి మామూలు ప్రయాణం 1995 డిసెంబరు 6న పంజాబులో జరిగింది. మన మీటరుగేజి పట్టాలు కూడా ఆ దశాబ్దంలోనే గేజి మార్పిడిలో పోయాయి.

శ్రోతలారా, ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాత రైలు అనగానే పొగ, కూత, కిటికీలో పిల్లలు, అంతా తీపి జ్ఞాపకమే అనుకుంటాం. 1921లో ఒకే రైలు దారికి సంబంధించి రెండు ఘటనలున్నాయి. అక్టోబరు 1న గాంధీగారు బళ్లారి వచ్చి స్టేషనులోనే బస చేశారు. దాన్ని గుర్తుచేస్తూ స్టేషనులో ఫలకం ఉంది. మరుసటి నెల 19న, మలబారు తిరుగుబాటులో పట్టుబడిన సుమారు 100 మంది ఖైదీలను తిరూరులో ఒక మూసిన పెట్టెలోకి ఎక్కించారు. తీసుకుపోవలసింది బళ్లారి జైలుకు. గాలి ఆడని ఆ పెట్టెను పోదనూరులో తెరిచేసరికి చాలామంది ఊపిరాడక చనిపోయి ఉన్నారు. మొత్తం మీద 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కేరళలో దానిని వాగన్ ట్రాజెడీ అని ఈనాటికీ తలచుకుంటారు. ఆ పెట్టె మన ఊరు చేరనే లేదు. కానీ దాని మీద రాసిన గమ్యం మన ఊరే. కిటికీ లేని ఆ పెట్టెను గీయడానికి ఒక్క గోధుమ రంగు పెన్సిలు చాలు. పెద్ద పిల్లల చేత ఆ బొమ్మ కూడా వేయించండి. అందమైన వాటినే గీసి మిగతావి వదిలేస్తే మనం పిల్లలకు సగం చరిత్రే ఇచ్చినవాళ్లం అవుతాం.

ఇప్పుడు కారు. వింటేజి అన్న మాటకు మోటారు లోకంలో ఒక లెక్క ఉంది. 1919 నుంచి 1930 వరకు తయారైన కార్లకే ఆ పేరు. మన సరిహద్దు ఊళ్లలో పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, ఎన్నికలకు తిరిగిన అంబాసిడరుకు ఆ లెక్క ప్రకారం ఆ గౌరవం దక్కదు. అయినా మనవరకు పాత కారు అంటే అదే. 1957లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో మొదలై 2014లో దాని తయారీ ఆగిపోయింది. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మూలం. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా, ముందు జాలీ ఒక్కో కాలానికి ఒక్కో రకం. 1960ల బండి గీస్తూ 1980ల జాలీ పెట్టకూడదు. నంబరు పలక కూడా కాలం చెబుతుంది. కె.ఎ. 34 అని బళ్లారి నంబరు, ఎ.పి. 21 అని కర్నూలు నంబరు, ఎ.పి. 02 అని అనంతపురం నంబరు వేశారంటే, అది 1988 మోటారు వాహనాల చట్టం వచ్చాక రిజిస్టరైన బండి. 1965 నాటి బండి అని కింద రాసి కె.ఎ. 34 పెడితే బొమ్మ అబద్ధం ఆడినట్టే.

అంబాసిడరు ఒంట్లో సరళరేఖ వెతికినా దొరకదు. స్కేలు పక్కన పెట్టేయండి. కుండ గీసినట్టు చేతితోనే గుండ్రంగా తిప్పండి. తెల్ల కారును తెల్లగా వదిలేస్తే కాగితంలో కలిసిపోతుంది. పై భాగంలో లేత నీలం, కింది భాగంలో నేల రంగు లేతగా వేస్తే తెలుపు దానంతట అదే బయటపడుతుంది.

ఈ రంగులు వేయడం కొత్త ఆట కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని ఇంజను కర్మాగారాల్లో నమూనా చిత్రాలకు రంగులు పూసేవారు. పోత ఇనుముకు బూడిద రంగు, సాగగొట్టిన ఇనుముకు నీలం, ఉక్కుకు ఊదా, ఇత్తడికి పసుపు. చిత్రం చూసిన కమ్మరి అక్షరం చదవకుండానే ఏ భాగం ఏ లోహంతో చేయాలో తెలుసుకునేవాడు. అప్పట్లో రంగు అలంకారం కాదు, భాష. మీ పిల్లలు ఇంజను గీసేటప్పుడు ఇత్తడి గొట్టానికి పసుపు, ఉక్కు కడ్డీకి కొంచెం ఊదా ఛాయ వేస్తే, ఆ పాత పనివాళ్ల భాషలో రెండు మాటలు మాట్లాడినట్టే.

పెన్సిలు గురించి కూడా నాలుగు మాటలు. మామూలు పెన్సిలులో ఉండేది గ్రాఫైటు, బంకమన్ను. 1795లో ఫ్రాన్సులో కోంతే అనే ఆయన ఈ రెండూ కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టాడు. రంగు పెన్సిలులో గ్రాఫైటు ఉండదు. రంగుపొడి, మెత్తని మన్ను, మైనం, జిగురు కలిపి చేస్తారు. కాల్చరు, అందుకే మెత్తగా ఉండి, కింద పడితే లోపలే విరుగుతుంది. మైనం ఉంది కనుక రబ్బరుతో పూర్తిగా చెరగదు. అందుకే మొదట మామూలు పెన్సిలుతో లేతగా గీసుకొని, కొలతలు సరిచూసుకున్నాకే రంగు పట్టుకోవాలి. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. ఒకేసారి గట్టిగా నొక్కకుండా నాలుగైదు పొరలు వేయాలి. మన ఎండకాలంలో పెన్సిళ్ల పెట్టెను ఎండలో ఉంచకండి, మైనం మెత్తబడుతుంది. ఇందుకు విదేశీ పెన్సిళ్లు అక్కర్లేదు. అంగట్లో దొరికే పన్నెండు రంగుల పెట్టె, ఒక మంచి డ్రాయింగు షీటు చాలు.

ఫొటోలుండగా బొమ్మలెందుకు అని అడిగేవారుంటారు. పాత ఫొటోల్లో చాలావరకు నలుపు తెలుపువే. రంగు చెప్పవు. రంగు గుర్తున్నది మనుషులకు. డ్రైవరుగా పనిచేసిన వారికి, పాయింట్స్‌మన్‌కు, టాక్సీ నడిపిన వారికి. పిల్లవాడు కాగితం పట్టుకొని వెళ్లి, తాతా, ఈ గొట్టం ఏ రంగు, ఈ దీపం ఎక్కడుండేది అని అడిగితే ఆ పెద్దాయన చెప్పేది రంగు ఒక్కటే కాదు. ఆ బండి మీద తన బతుకంతా చెబుతాడు. తెలుగులో చెబుతాడో, కన్నడంలో చెబుతాడో, ఉర్దూలో చెబుతాడో, అది ఆ ఇంటి మాట. చెప్పేవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. తొందరపడవలసింది ఇందుకే.

ఒక పని చేయండి. బొమ్మ కింద మూడు సంగతులు రాయించండి. బండి పేరు, అది నడిచిన కాలం, చెప్పిన వారి పేరు. ఎవరూ చెప్పని రంగును ఊహించి వేయకుండా, ఆ భాగాన్ని మామూలు పెన్సిలుతోనే వదిలేయమనండి. ఖాళీ ఉన్న చోట ఇంకొకరు వచ్చి చెబుతారు. వీలుంటే మైసూరులోని రైలు మ్యూజియానికి, హుబ్బళ్లిలో 2020లో తెరిచిన రైలు మ్యూజియానికి పిల్లలను తీసుకువెళ్లండి. చక్రం ఎత్తు చేత్తో తాకి చూసిన పిల్లవాడు దాన్ని మళ్లీ తప్పు గీయడు.

చివరిగా ఒక మాట. 1932లో ఆ చిన్న విమానం దిగినప్పుడు బళ్లారి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం అన్నీ మద్రాసు రాష్ట్రంలో ఒకే జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్లారి మైసూరులో చేరింది. 2014లో ఊరి పేరు అధికారికంగా బెళ్లారి నుంచి బళ్లారి అయింది. గేజి మారింది, రైల్వే జోన్లు మారాయి, విమానం దారి మారింది. గుంతకల్లు నుంచి బళ్లారికి రైలు మాత్రం అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వస్తోంది. సరిహద్దు దాటిందని దానికి తెలియదు. ఆ బండిని గీసే పిల్లవాడు ఇటువాడైనా అటువాడైనా గీయవలసిన చక్రాలు అవే.

వచ్చే సెలవు రోజున ఇంట్లో పెన్సిళ్లు చెక్కి పెట్టండి. పస్ మాత్‌తో మొదలుపెట్టించండి. రెక్క పైన, తోక కింద, వెనకాల మన కోటగుట్ట.